పాత పడవకు క్రొత్త పలక

నేటి మన ప్రసంగవిషయము వినోదార్థము నడపబడు చిన్న తెరచాప పడవలు. వాని పూర్వచరిత్రము, శిథిలములైన వానిని బాగుచేసి మరల నీటికి దింపు విధానము. సేద్యపు పనులలోను గ్రామకార్యములలోను మునిగియుండు మనకు విహారపు పడవలతో నేమి పని యని మీలో కొందరకు తోచవచ్చును. ఆ పడవలు మన యూళ్లకు రావు, నిజమే. కాని పాతబడిన వస్తువును బాగుచేయునపుడు దానిలో నెంతభాగము మార్చవచ్చును? ఎంత మార్చిన పిమ్మట నది పూర్వపు వస్తువు కాకపోవును? బాగుచేసి వాడుకొనుట మేలా, కదపక దాచుట మేలా? దేవాలయపు రథము జీర్ణించినపుడును, తాతలనాటి లోగిలి కూలవచ్చినపుడును మనకు గలుగు ప్రశ్నలే యివి. చిన్న పడవల చరిత్రములో వీనికి సమాధానము దొరకుచున్నది.

మొదట నా యనుభవ మొకటి మనవి చేసెదను. నా చిన్ననాట కోనసీమలో మా మాతామహుల యింట నొక చిన్న తెరచాప పడవ యుండెడిది. అది సరకులు మోయునది కాదు. పుష్కరములకు, పెండ్లిండ్లకు, వెన్నెల రాత్రులలో ఊరక కాలువవెంట పోయి వచ్చుటకు దానిని వాడెడివారు. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసినపుడు వడ్రంగి వచ్చి, చివికిన పలకను ఊడదీసి, క్రొత్తపలక వేసి, సందులలో నార దూర్చి, కీలు పూసి పోయెడివాడు. ఊరికి రోడ్డు పడి బస్సు వచ్చిన తరువాత పడవతో నవసరము తీరినది. మాతామహులు గతించిన పిమ్మట మేము దానిని పరులకు అమ్మనొల్లక, ఆయన జ్ఞాపకార్థమని గట్టుపైకి లాగించి, తాటాకుల పాక వేయించి, అందులో భద్రపరచితిమి. మరల ఎవరును దానిని ముట్టలేదు, వడ్రంగిని పిలువనులేదు. కొన్నియేండ్లకు నేను పోయి చూడగా పలకల నడుమ వ్రేలు దూరునంత సందులుండెను. ఒక మూల కొయ్య చేతితో నొక్కినంతనే పొడియైపోయెను. నీడలో నుంచినదానికి ఇట్టి దుర్గతి యేల పట్టినదో నాకు నాడు తెలియలేదు. చిరకాలమునకు పడవలనుగూర్చి చదివిన తరువాత తెలిసినది. ఆ తెలిసినదే మీకు నివేదించుచున్నాను.

విహారనౌకను ఇంగ్లీషువారు "యాట్" అందురు. ఈ మాట వారి సొంతము కాదు; హాలెండు దేశమునుండి వచ్చినది. వేట యని దాని మూలార్థము. లోతు తక్కువగా నుండు తమ జలములలో వేగముగా పోవుటకు ఆ దేశస్థులు తేలికయైన పడవలను కట్టుచుండిరి. 1660 వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమువారు ఇంగ్లండు రాజైన రెండవ చార్లెసునకు "మేరీ" యను నట్టి నౌక నొకదానిని కానుకగా నిచ్చిరి. మరుసటి యేట ఆ రాజునకును అతని తమ్ముడు జేమ్సునకును థేమ్సు నదిలో గ్రీనిచ్చినుండి గ్రేవ్‌జెండు వరకు పోయి మరలివచ్చు పందెము జరిగెను. పణము 100 పౌనులు. 1720 లో ఐర్లండుదేశపు కార్కు రేవున నౌకావిహారము చేయువారి సంఘము వెలసెను. అట్టి సంఘములలో నదియే ప్రాచీనతమమని చెప్పుదురు. రాజుల క్రీడ యీ విధముగా సంపన్నుల క్రీడ యయ్యెను.

సామాన్యుని చేతికి తెరచాప త్రాడు వచ్చుటకు మరి రెండువందల యేండ్లు పట్టినది. 1887 లో డబ్లిన్ నగరసమీపమున, నేడు డన్ లేరీ యని పిలువబడు రేవులో, కొంద రొక యుక్తి పన్నిరి. అంతకు పూర్వము పందెములలో ధనికుని పడవయే గెలుచుచుండెను. ఎక్కువ వెచ్చించినవాడు వేగముగల పడవను కట్టించుకొనును గదా. అట్లు గాక పడవలన్నియు నొకే కొలతకు, ఒకే ఆకృతికి కట్టవలెనని వారు నియమము చేసిరి. అప్పుడు గెలుపు డబ్బుది గాక నేర్పుది యగును. "వాటర్ వాగ్" అను పేరుగల యా చిన్న పడవల తెగ నేటికిని అచ్చట పందెములలో నడచుచున్నది.

1963 లో లండనులో "మిర్రర్" అను మరియొక పడవ బయలువెడలెను. ఒక దినపత్రిక తన పాఠకులకొరకు దీనిని ప్రచారము చేయించినది గనుక ఆ పత్రిక పేరే దానికి వచ్చెను. పొడవు 10 అడుగుల 10 అంగుళములు. తెరచాపల రంగు ఎఱుపు. దీనిని రూపొందించినవారు జాక్ హోల్ట్, బారీ బక్నెల్ అను నిరువురు. మొదటి వెల 63 పౌనుల 11 షిల్లింగులు. పలుచని పొరలను అతికించి చేసిన ప్లయివుడ్డు పలకలను ముందుగనే కోసి పంపెడివారు. కొనినవాడు వానికి రంధ్రములు చేసి, రాగితీగెతో నొకదాని నొకదానికి కుట్టి, సందులపై గాజునార పట్టీలను జిగురుతో నంటించి, తన యింటి చావడిలోనే పడవను సిద్ధము చేసికొనవచ్చును. ఇట్టివి డెబ్బదివేలకు పైగా లెక్కకెక్కినవి. పలకలను కుట్టుట మనకు వింతగాదు. మన తూర్పుతీరమున అలల తాకిడికి తాళునట్లు కొబ్బరిత్రాళ్లతో పలకలను కుట్టి మసూలా పడవలను కట్టుచుండిన సంగతి పెద్దలెఱుగుదురు. రాగితీగె వేరు, కొబ్బరిత్రాడు వేరు, యుక్తి యొక్కటే.

ఇవి విహారముకొరకే పుట్టిన పడవలు. చేపలు పట్టుట మొదలగు పనులలో వృద్ధములై, వదలివేయబడి, తరువాత ఒకని చేతిలో పునర్జన్మ మెత్తినవి మరికొన్ని గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది "స్ప్రే".

జాషువా స్లోకం 1844 లో కెనడాలోని నోవాస్కోషియాలో జన్మించిన నావికుడు. తెరచాప యోడలకు నాయకుడుగా సముద్రములన్నియు తిరిగినవాడు. ఆవిరియోడలు వచ్చి తెరచాప వృత్తి క్షీణించిన కాలమున నతనికి జీవనోపాధి కఱవయ్యెను. 1892 లో ఒక వృద్ధ నావికమిత్రుడు తన కొక పడవ గలదనియు, కొంచెము మరమ్మతు మాత్రము కావలసియున్నదనియు చెప్పి దానిని ఉచితముగా నిచ్చెను. స్లోకం అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ గ్రామమునకు పోయి చూడగా, నీటికి దూరముగా నొక బయలులో, గుడ్డ కప్పబడి, ముత్యపుచిప్పల జాతి జలచరములను పట్టు పాత పడవ యొకటి పడియుండెను. అదియే స్ప్రే. దానిని విరుగగొట్టుటకు వచ్చితివా యని యూరివా రడిగిరి. లేదు, మరల కట్టుటకు వచ్చితినని యతడు బదులు చెప్పెను.

సమీపమున నున్న ఓకు వృక్షమును నరికి అడుగుదూలము చేసెను. ప్రక్కటెముకల వంటి వంపుకొయ్యలను ఆవిరిలో మెత్తపఱచి వంచెను. ఒకటిన్నర అంగుళము మందముగల దేవదారుజాతి పలకలను తొడిగెను. పదుమూడు మాసములు శ్రమించెను. సామగ్రికైన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు. పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళములు. వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు. 1895 ఏప్రిల్ 24 న బోస్టను రేవునుండి అందులో నొంటరిగా బయలుదేరి, సుమారు 46,000 మైళ్లు చరించి, 1898 జూన్ 27 న న్యూపోర్టు రేవు చేరెను. భూగోళమును ఒంటరిగా నావపై చుట్టివచ్చిన ప్రథమమానవు డితడే. పాడుపడి బయలులో నున్న పడవయే ఇంతపని చేసినది.

ఇక బాగుచేయు విధానమును వినుడు. కొయ్యపడవకు శత్రువులు ముఖ్యముగా నాలుగు. మొదటిది వాననీరు. ఉప్పునీరు కొయ్యను కొంతవరకు కాపాడును. మంచినీరు మూలలయందు నిలిచి, గాలి సోకకున్నచో బూజు పుట్టి కొయ్య కుళ్లును. రెండవది ఇనుము. మేకులు తుప్పుపట్టి ఉబ్బి, తమచుట్టునున్న కొయ్యను నల్లబఱచి చివుకజేయును. మూడవది ఉప్పునీట కొయ్యను తొలుచు పురుగు. నాలుగవది మితిమీరిన యెండుదల. నీటిలో నుండవలసిన పలక యెండి కుంచించుకొనిపోవును; సందులు విచ్చుకొనును. మా పాకలో మా పడవకు పట్టిన గతి యిదియే. దూరములయం దెండి విచ్చినది. కప్పు కారిన మూలయందు వాననీటికి కుళ్లినది.

నేర్పరియైన వడ్రంగి మొట్టమొదట రంపము పట్టడు. కొయ్యసుత్తితో పడవ నంతటిని తట్టి వినును. గట్టికొయ్య కంగుమని పలుకును; పుచ్చినది బద్ధకముగా పలుకును. అనుమానము గలచోట సూదిమొనతో పొడిచి చూచును. పిమ్మట పడవ క్రింద ఆనుకొయ్యలు నిలిపి, దాని యాకారము ఏమాత్రమును జాఱకుండ బిగించును. ఇది ముఖ్యము. ఆధారము లేక పలకలను ఊడదీసినచో నడుము క్రుంగి పడవ మరల నిటారు కాదు. ప్రతి పలకకును అట్టతో గాని పలుచని చెక్కతో గాని అచ్చు తీసికొనును. ఒక్కసారిగా పలకలన్నిటిని తీయడు. ఒకదానిని తీసి దానిచోట క్రొత్తదానిని కూర్చిన తరువాతనే మరియొకదానిని ముట్టును.

పలక యొక భాగమున మాత్రమే చెడినచో చెడినంతమట్టుకే కోసి క్రొత్తముక్కను అతుకుదురు. కొనకు కొన నిలువుగా నంటించిన అతుకు నిలువదు. మందమునకు ఎనిమిదింతల పొడవున ఏటవాలుగా చెక్కి, రెండు వాలులను కలిపి యంటింపవలెను. అప్పుడు బరువు అతుకంతటిపై పరచుకొనును. వంపుకొయ్యకు అంగుళము మందమునకు ఒక గంట చొప్పున ఆవిరి పట్టించి, వేడి తగ్గకమునుపే వంచి బిగింపవలెను. తుదకు సందులలో ప్రత్తినూలుగాని నారగాని దూర్చి, పైన మెత్తు పెట్టి, రంగు పూయుదురు. నీట దింపిన నాడు పడవ కారును; భయపడరాదు. నీరు త్రాగి పలకలు ఉబ్బి, ఒకటి రెండు దినములలో సందులు వానియంతట నవియే మూసికొనును. కొందరు శ్రమకోర్వలేక పాత పలకలపై గాజునార, జిగురు కప్పి యది చాలునందురు. లోపల తేమ చిక్కుకొని కొయ్య చీకటిలో కుళ్లుచుండగా పైకి మాత్రము నున్నగా మెఱయుచుండును.

ఇచ్చటనే మనము మొదట అడిగికొనిన ప్రశ్న వచ్చుచున్నది. స్ప్రేలో దాదాపు ప్రతి కొయ్యయు మారినపుడు అది పాత స్ప్రే యెట్లగును? గ్రీకు దేశమున థీసియస్ అను వీరుని నౌకను ఎథెన్సు పౌరులు పలక పలకగా మార్చుచు శతాబ్దములు కాపాడిరనియు, అది యదియేనా కాదా యని అచటి తత్త్వవేత్తలు వాదించిరనియు ప్లూటార్కు వ్రాసినాడు. మన దేశమున మిళిందరాజునకు నాగసేనుడు రథదృష్టాంతము చెప్పి, చక్రము రథము గాదు, ఇరుసు రథము గాదు, కూడికకు పెట్టిన పేరే రథమని బోధించెను. తార్కికులు అవయవము నశించినచో పూర్వపు అవయవియు నశించి వేరొక అవయవి పుట్టుననిరి. వేదాంతులు "వాడే యీ దేవదత్తుడు" అను వాక్యమును విచారించి, దేశకాలములు మారినను వ్యక్తి యొక్కడే యని నిరూపించిరి.

ఈ వాదములలో నెవరిది గెలుపో తేల్చు శక్తి నాకు లేదు. వడ్రంగి మాత్రము తన పనిచేతనే యొక సమాధానము చెప్పుచున్నాడు. క్రొత్తపలకకు ఆకృతి యెచ్చటినుండి వచ్చినది? ప్రక్కనున్న పాతపలకనుండి. రేపు ఆ పాతపలకయు పోవును; దాని స్థానమున వచ్చునది నేటి క్రొత్తపలకనుండి వంపును నేర్చుకొనును. ఒకటొకటిగా మార్చినంతకాలము ఆకృతి తెగిపోదు. అన్నిటిని ఒక్కనాడు తీసివేసినచో నేర్పువారు లేక ఆకృతి నశించును. కావున ఒకటి తీసి యొకటి వేయవలెనను నియమము చేతిపనికి సంబంధించినది మాత్రమే కాదు. పడవ యొక్క ఏకత్వమును కాపాడునదియు నదియే. స్లోకం తన పడవకు పేరు మార్చలేదు. మార్చకుండుటయే న్యాయము.

దీనికి ప్రతియుదాహరణ మొకటి మన దేశమునందే పుట్టినది. "సుహైలీ" యను 32 అడుగుల విహారనౌకను బొంబాయిలో మన వడ్రంగులు టేకుకొయ్యతో పూర్వపద్ధతిని కట్టిరి. 1964 లో నీటికి దింపిరి. దాని యజమాని రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అను ఇంగ్లీషు నావికుడు. ఆతడు 1968 జూన్ 14 న ఫాల్మత్ రేవున బయలుదేరి, ఎచ్చటను ఆగక, ఒంటరిగా భూగోళమును చుట్టి, 1969 ఏప్రిల్ 22 న అదే రేవు చేరెను. 312 దినములు పట్టెను. ఆ పందెమున తొమ్మండుగురు బయలుదేరగా ముగించినవాడు అతడొక్కడే. త్రోవలో పడవ అడుగుసందులు కారుచుండగా, నడిసముద్రమున నీట మునిగి, ఐదడుగుల లోతున సందులలో నూలు దూర్చి, పైన గుడ్డపట్టీ, రాగిరేకు కొట్టి వచ్చెను.

ఇన్ని తుపానులకు చావని యా పడవను తరువాతి కాలమున ఒక ప్రదర్శనశాలలో గౌరవముతో నిలిపిరి. అచ్చటి పొడిగాలికి పలకలు కుంచించుకొని విడనారంభించెను. 2002 లో నాక్స్ జాన్‌స్టన్ దానిని వెలికి తెచ్చి, తానే పూనుకొని బాగుచేసి, మరల నీటికి దింపెను. 2018 లో ఆ పందెపు అర్ధశతాబ్ది యుత్సవమున ఫాల్మత్ రేవులో సుహైలీ తన తెరచాపలతోనే నడచినది. సముద్రము చేయలేని కీడు నిర్వాతమైన గది చేయబోయినది. పడవకు నీరే ప్రాణము, వాడుకయే ఔషధము.

అదే 2018 లో మన భారతనౌకాదళపు నావికుడు అభిలాష్ టోమీ, సుహైలీని పోలిన "తురియ" యను పడవతో మరియొక భూప్రదక్షిణపు పందెమునకు బయలుదేరెను. అది గోవాలో కట్టబడినది. దక్షిణ హిందూమహాసముద్రపు తుపానులో దాని స్తంభము విరిగి, అతనికి వెన్ను దెబ్బతినగా, రక్షకులు అతనిని కాపాడిరి. తురియ సుహైలీ కాదు. ఆ పోలికను గౌరవింపవచ్చును గాని దానిని అసలని చెప్పరాదు. దానిని కట్టినవారును అట్లు చెప్పలేదు. పాతదానిని కాపాడుట యొక ధర్మము. దాని పోలికను కట్టుట మరియొక ధర్మము. పోలికను అసలుగా చెలామణి చేయుట మాత్రము అధర్మము.

సముద్రముపై మరమ్మతు చేసికొనగల నేర్పు మన ఆడుబిడ్డలకును గలదని యీ సందర్భమున సంతోషముతో చెప్పవలసియున్నది. 2017 సెప్టెంబరు 10 న గోవానుండి "తారిణి" యను 55 అడుగుల తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ వనితలు బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21 న తిరిగి వచ్చిరి. ఆ యారుగురిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు నగరపు బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగువారు. త్రోవలో చుక్కాని నడుపు యంత్రము చెడగా మారిషస్ రేవున ఆగి బాగుచేసికొని ప్రయాణము పూర్తిచేసిరి. చెడుట నౌకకు సహజము; బాగుచేసికొనుట నావికునికి ధర్మము.

ఆర్యులారా, మా మాతామహుల పడవను ఎండయు చంపలేదు, వానయు చంపలేదు. మేము దానిని గౌరవించి చంపితిమి. ఏటేట ఒక పలక మార్చిన వడ్రంగి దానిని పాడుచేయుచున్నాడని మేము చిన్నతనమున తలచెడివారము. అతడే దానిని బ్రదికించుచుండెను. అతడు పోయినాడు. పడవ వంపు అతని చేతిలో నుండెను. అది మేము అచ్చు తీసి యుంచలేదు. కొయ్య మరల దొరకును. ఆ చేయి మరల దొరకదు.

మీ గ్రామములందును పాత రథములు, పల్లకీలు, తలుపులు, కాలువరేవులందు నొకటిరెండు పాతపడవలు నుండవచ్చును. వానిని తాళము వేసి దాచకుడు. ఒక్కసారిగా పడగొట్టి క్రొత్తవి కట్టింపకుడు. చేతి నేర్పుగల వృద్ధ వడ్రంగి యుండగనే పిలిపించి, ప్రక్కన నొక బాలుని నిలిపి, ఈ యేడు ఒక పలక, వచ్చు నేడు ఒక పలక మార్పింపుడు. మాకు జరిగిన నష్టము మీకు జరుగకుండుగాక.

స్వస్తి.